అంగుళాల చీటీ

"దొంగతిండి తింటాండావు. ఒప్పుకో," అన్నాడు డాక్టరు, రిపోర్టు మీద నుంచి తల ఎత్తకుండానే.

"లేదు సార్," అంది సౌమ్య.

"తినకపోతే మూడు నెలల సగటు షుగరు తొమ్మిది నుంచి పదకొండుకు ఎట్ల ఎక్కింది? గాలి పీలిస్తే ఎక్కిందా?"

పక్క కుర్చీలో ఉన్న ఈరప్ప కూతురి వైపు కొరకొరా చూసినాడు. పెనుకొండ దగ్గర పల్లె నుంచి పొద్దున్నే బయలుదేరి హిందూపురం చేరి, నలభై మూడో టోకెను పట్టుకోని మధ్యాన్నం దాకా బెంచీ మీద కూచ్చుంటే చివరికి దొరికింది ఈ మాట. పోయిన తడవా ఇదే మాట. అంతకు ముందు తడవా ఇదే.

"బెల్లం డబ్బా బీరువాలో పెట్టి తాళమేసినా సార్. తాళంచెవి నా జేబులోనే ఉండాది. అయినా యాడో తింటాది."

"నేను తినలే నాయనా."

"నోరు ముయ్. కండ్ల ముందర ఉంటేనే ఇట్లుంటే, ధర్మవరం హాస్టల్లో వదిలితే ఇంగేమన్నా ఉందా? డిగ్రీ లేదు, ఏమీ లేదు. ఇంటికాడ పడుండు."

సౌమ్య కండ్లలో నీళ్ళు తిరిగినాయి. సీటొచ్చింది. సోమవారం చేరల్ల. కొత్తగా కుట్టించిన నాలుగు చుడీదార్లు మడిచి అప్పుడే పెట్టెలో పెట్టుకోనింది కూడా.

డాక్టరు అప్పటికే రాసేస్తాండాడు. "ఇన్సులిను పొద్దున ఇరవై ఆరు, రాత్రి ఇరవై. మూడు నెలలకు రండి. నెక్స్ట్!"

"ఒక్క నిమిషం సార్." కుర్చీ లేక తలుపుకాడే నిలబడిన తల్లి కదిరమ్మ ముందుకొచ్చింది. "వచ్చిన తడవల్లా మందు పెంచుతాండారు. మందుతో పాటు షుగరూ పెరుగుతాండాది. మా చేన్లో నీళ్ళు పారకపోతే, పైపు యాడన్నా అడ్డం పడిందేమో ముందు చూస్తాం సార్. చూడకుండా ఇంగో మోటారు తెచ్చి బిగించం."

"అమ్మా, బయట ఇరవై మంది ఉన్నారు."

"ఉండనీలే సార్. రెండేండ్లుగా వస్తాండాం. బరువు చూస్తిరి, బీపీ చూస్తిరి, తిడ్తిరి. పాప సూది ఏసుకునే చోటు ఒక్కతూరన్నా చూస్తిరా?"

"యామ్మే, డాక్టరుతోనా నీ ఎచ్చులు?" అని ఈరప్ప కసిరినాడు.

కదిరమ్మ మొగుని మాట చెవిన పెట్టలేదు. సంచీలో నుంచి ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది. రూళ్ళ నోటుబుక్కులో నుంచి చింపిన సగం కాగితం. డాక్టరు విసుక్కుంటూనే విప్పినాడు.

"బొడ్డుకు ఎడమ పక్క మూడు వేళ్ళ దూరంలో మెత్తటి గడ్డ. అడ్డం రెండున్నర అంగుళాలు. కుడి పక్క లేదు. ఉగాదప్పుడు రెండు అంగుళాలే. సూది రోజూ ఆడే ఏసుకుంటాందంట. చూడవలెను."

డాక్టరు మొహం మాడిపోయింది. "ఓహో! ఇంకో డాక్టరు దగ్గరికి పోయొచ్చినారా? ఈ కాలంలో అంగుళాల్లో రాస్తాండాడంటే ఎవరో ముసలాయనే అయ్యుంటాడు. అంత నమ్మకం లేకపోతే నా దగ్గరికెందుకు?"

"ఎవురు రాస్తే ఏమి సార్? ఉండాదో లేదో మీరే చూడండి."

డాక్టరు నర్సును పిలిచి సౌమ్యను తెర వెనక పరీక్ష బల్ల మీద పడుకోబెట్టమన్నాడు. రెండేండ్లలో ఆ పిల్ల ఆ బల్ల ఎక్కడం అదే మొదలు. ఎడమ పక్క నొక్కి చూసినాడు. కుడి పక్క నొక్కినాడు. మళ్ళీ ఎడమ పక్కకు వచ్చినాడు.

"రోజూ ఈడేనా పొడుచుకునేది?"

"అవును సార్. ఆడైతే నొప్పి తెలీదు."

"చోటు మార్చుకోవాలని ఎవరూ చెప్పలేదా?"

"ఎవురు చెప్పల్ల సార్?" అంది సౌమ్య.

డాక్టరు పోయి కుర్చీలో కూచ్చున్నాడు. ముందు రాసిన కాగితం చించేసినాడు. ఈసారి గొంతు తగ్గింది. "చూడప్పా, ఒకేచోట పొడిచి పొడిచి గడ్డకట్టింది. మందు ఆ గడ్డలోనే నిలబడిపోతా ఉంది, రక్తంలోకి సరిగా దిగడం లేదు. నీ కూతురు దొంగతనంగా ఏమీ తినలేదు. ఇంక ఆ చోటు ముట్టుకోవద్దు. కొత్తచోట మందు బాగా పారుతుంది, పాత లెక్కన ఏస్తే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే తగ్గించి రాస్తున్నా. రోజుకు నాలుగుసార్లు చూసి రాసుకోని, వారానికి చూపించాల."

"హాస్టలు సార్?" అంది సౌమ్య.

"ధర్మవరం నుంచి రైలు లేదా? ఎక్కి రా."

ఈరప్ప చెయ్యి జేబులోకి పోయింది. తాళంచెవి తీసినాడు. ఎవరికియ్యల్నో తెలీక డాక్టరు బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకోని, సౌమ్య చేతిలో పెట్టినాడు.

డాక్టరు ఆ చీటీని ఇంకొక్కతూరి చదివినాడు. "ఉగాదికెంత, ఇప్పుడెంత అని కూడా పట్టి చూసినాడే! గట్టివాడే. ఎవరమ్మా ఈ డాక్టరు? బెంగళూరా?"

కదిరమ్మ చీటీ తీసుకోని మడిచి సంచీలో పెట్టుకోనింది.

"డాక్టరు కాదు సార్. మా ఊర్లో చుడీదార్లు కుట్టే జయలక్ష్మమ్మ."