అటక మీద ముక్క

వాసంతికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తాను లేనప్పుడు ఇంట్లోకి ఎవరో రావడం కాదు, వచ్చినవాడు ఇంకా పోకుండా ఉండటం.

అందుకే తమ్ముడు గోపీచంద్ నరసరావుపేట నుంచి ఫోన్ చేసి, "అక్కా, మీ అటక మీద ఏముంది?" అని అడగగానే ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

"మిరపకాయల టిక్కీ, నిండు బస్తా. ఏందిరా, ఎందుకు?"

"లాస్య ఆటలో మీ ఇల్లు కట్టి పంపిందిలే. అంతా బానే ఉంది. అటక మీద ఒక్క ముక్క నాకు రావట్లా. పేరుంది, చోటుంది, ఆకారం లేదు."

ఏడేళ్ల కూతురు లాస్య ముందు గదిలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సెలవుల్లో పిల్ల ఒక్కతే ఇంట్లో ఉంటుందని, తన ఫ్లెక్సీ షాపులో మూలనపడ్డ ల్యాప్‌టాప్‌లో ప్లాస్టిక్ ఇటుకలు పేర్చే ఆట వేసి మేనమామే ఇచ్చాడు. మాచర్లలోని ఆ రెండు గదుల ఇంటిని గ్యాస్‌బండతో సహా పిల్ల అచ్చు దించేసింది.

"ఆకారం లేకుండా పేరెట్టా వచ్చిందిరా?"

"ఫైల్లో ముక్కల పేర్లే పోతయ్ అక్కా. ఏ ముక్క ఎక్కడ పెట్టారో, అంతే. ఆకారాలు ఎవరి కంప్యూటర్లో వాళ్లకుంటయ్. ఇదేమో లాస్య సొంతంగా చేసింది. మీ ఇంట్లో తప్ప ఇంకెక్కడా కనపడదు."

ఆ మాట వాసంతికి నచ్చలేదు. "పేరేం పెట్టింది?"

"ఆయన."

లోపలి గది వైపు నుంచి పొడి దగ్గు వినిపించింది. గోడకవతల పక్కింటి కరీమున్నీసా అత్తదే అనుకుంది వాసంతి. మిరపకాయలున్న ఇళ్లల్లో దగ్గును ఎవరూ పట్టించుకోరు.

"ఏమే లాస్యా, ఆయనెవరే?"

"అటక మీద ఆయన. దగ్గుతుంటాడుగా."

"నువ్వు చూశావా?"

"చూడకుండా ఎట్టా చేస్తానమ్మా?" పిల్ల ల్యాప్‌టాప్ తల్లి వైపు తిప్పబోయింది.

వాసంతి చప్పున మూత వేసేసింది. రోజూ తాను మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతే, సాయంత్రం దాకా ఈ పిల్ల ఇక్కడ ఒక్కతే.

"ఒరేయ్ గోపీ, నాకు చూసే ధైర్యం లేదు. నువ్వు చూడు. మనిషేనా, కాదా, అది చెప్పు."

"అయితే పిల్లకియ్యి ఫోను. ఆకారాన్ని కూడా ఫైల్లోనే పెట్టి పంపమంటా. అప్పుడు ఎక్కడ తెరిచినా వచ్చేస్తది."

లాస్య ఫోను చెవికి ఆనించుకుని, ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచి మామయ్య చెప్పినవన్నీ నొక్కింది. "పోయింది మామయ్యా," అని ఫోను తల్లికిచ్చేసింది.

అటునుంచి మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"వచ్చింది అక్కా." గోపి గొంతు తగ్గింది. "మనిషే. మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. పైకప్పుకి తగిలి మెడ ఒక పక్కకి వంగిపోయింది. పిల్లలు వేసే బొమ్మలా లేదక్కా, పక్కన కూర్చుని కొలిచినట్టుంది. పిల్లని బయటికి పంపి చూడు. నేను లైన్లోనే ఉంటా."

వాసంతి కరీమున్నీసాను వాకిట్లోకి పిలిచి, లాస్యను ఆమె దగ్గర కూర్చోబెట్టింది. లోపలి గదిలో నిచ్చెన ఆనించి, కొడవలి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. ఘాటు ముక్కుకు తగిలింది. కళ్లు తుడుచుకుని చూసింది.

ఎవరూ లేరు.

టిక్కీ మీద మాత్రం మనిషి కూర్చున్నంత గుంట ఉంది. చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది.

ఎట్టా దిగిందో ఆమెకే తెలీదు. వాకిట్లోకి వచ్చి పడింది. "అత్తా, ఇటుగా ఎవరన్నా పోయారా?"

"ఎవరూ పోలేదమ్మాయ్. గుమ్మానికి అడ్డంగా నేనే కూర్చున్నాగా," అంది కరీమున్నీసా. "ఆ కొడవలేంది?"

"మరి ఎటు పోయాడే?" వాసంతి పిల్ల భుజాలు పట్టుకుంది.

"ఇందాక మనమే పంపించాంగా," అంది లాస్య. "ఎన్నాళ్లనించో పోతానంటున్నాడు. ఎట్టా పంపాలో మామయ్య చెప్పిందాకా నాకు తెలవలా."

వాసంతి పిల్లను గుండెకు అదుముకుంది. అప్పుడు వినిపించింది, చేతిలోని ఫోన్లోంచి, పొడి దగ్గు.

"గోపీ, దగ్గేది ఎవర్రా?"

"నువ్వే కదక్కా. ఇందాకట్నుంచీ ఒకటే దగ్గుతున్నావు. నేనిక్కడ షాపులో ఒక్కడినే..."

ఫోను కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు.

వాసంతి పిల్లను కరీమున్నీసాకు అప్పగించి బస్సెక్కింది. మాచర్ల నుంచి ఆ బస్సు రెండు గంటలకి గానీ చేరదని మీకు తెలిసిందే. నరసరావుపేట స్టేషన్ రోడ్డులో ఎవరైనా ఉంటే, షట్టరు సగం దించిన ఫ్లెక్సీ షాపు ముందు ఆగి, గోపి ఎట్టా ఉన్నాడో ఒక్కసారి చూడండి. పైన అటక వైపు కూడా చూడండి.