నోట్లో గుండుసూదులు

"ఇంకొంచెం తెరవండి."

"ఇంతే వస్తోందండీ," అంది టైలరమ్మ పళ్ళ సందు నుంచి.

డాక్టరమ్మ వేలు పెట్టి చూసింది. ఒక్క వేలు కష్టమ్మీద దూరింది. రెండోది పెట్టబోతే చెవి ముందు కీలు టక్కుమంది. టైలరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా ఆమె భయమంతా నొప్పి గురించి కాదు. ఒక్క ప్రశ్న మాత్రం ఈవిడ అడక్కుండా ఉంటే చాలు, దేనికైనా సిద్ధమే అనుకుని వచ్చింది.

"ఇంజెక్షన్ ఇచ్చెయ్యండి డాక్టరుగారూ," అన్నాడు గోడకు చేరబడ్డ భర్త. షాపులో కటింగంతా ఆయనదే, మాట కూడా కత్తెర లాంటిదే. "మెత్తటివి తినమన్నారు, తింటోంది. వేడి కాపడం పెట్టమన్నారు, పెడుతోంది. మాత్రలూ అయ్యాయి. ఇంకెన్నాళ్ళు?"

"అన్నయ్యకు అన్నీ తొందరే," అంది ఆడపడుచు. షాపులో గిరాకీలతో మాట్లాడే పని ఆమెది. ఇక్కడా ఆ పని మానలేదు. "రాత్రిపూట పళ్ళకు తొడుక్కునే ప్లేటుంటుందట కదండీ, అది చేయించండి. ఇంజెక్షన్ వికటించి మూతి వంకరపోతే ఎవరిది పూచీ?"

"స్కూలు యూనిఫారాలు నెత్తిమీద ఉన్నాయి. ప్లేటు పెట్టుకుని నిద్రపోతూ ఉంటే ఎవరు కుడతారు?"

"అదీ సంగతి! నీకు పని కావాలి, వదిన నొప్పి అక్కర్లేదు."

"అక్కర్లేకపోతే పని మానుకుని ఇక్కడికెందుకొచ్చాను? ఏమే, నువ్వు చెప్పు. ఇంజెక్షనే మంచిది కదూ?"

"వదినా, మొహమాటం లేకుండా చెప్పు. ప్లేటే కదా?"

ఇద్దరూ ఆమె వంక చూశారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. టైలరమ్మ పళ్ళు బిగించి "ఊఁ" అంది. ఆ ఊఁ తనకే అనుకున్నాడు అన్న. తనకే అనుకుంది చెల్లెలు.

డాక్టరమ్మ మాత్రం ఆమె చెంపనే చూస్తోంది. చెవి కింద కండ ఉబ్బి గట్టిపడింది.

"మీరిద్దరూ కాసేపు బయట కూర్చోండి."

తలుపు వేసినా వాళ్ళ గొడవ సన్నగా వినిపిస్తూనే ఉంది. డాక్టరమ్మ దీపం దగ్గరకు లాగి ఆమె పై పెదవి ఎత్తింది.

"ముందు పంటి అంచున ఈ గాటేమిటమ్మా? పని చేసేటప్పుడు నోట్లో ఏమైనా పెట్టుకుంటారా?"

అడగనే అడిగింది. టైలరమ్మ కళ్ళు మూసుకుంది.

"గుండుసూదులండీ. షాపు తీసింది మొదలు మూసేదాకా."

"ఇంకేం! వాటిని పట్టుకోవడానికి దవడ పొద్దస్తమానం బిగిసే ఉంటోంది. అవి మానేసి, నేను చెప్పే కసరత్తు చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. మానకపోతే ప్లేటు పెట్టినా, ఇంజెక్షన్ ఇచ్చినా మళ్ళీ మొదటికే. సూదులు గుచ్చుకునే దిండు లేదా?"

"ఉందండీ. మణికట్టుకు కట్టుకునేది కూడా ఉంది."

"మరి?"

"ప్లేటు పెట్టుకుంటాను. ఇంజెక్షనూ ఇవ్వండి. కాదంటే ఆపరేషనైనా సరే. సూదులు మాత్రం మానలేనండీ."

డాక్టరమ్మ విస్తుపోయి కుర్చీ దగ్గరకు జరుపుకుంది. "ఆపరేషన్ తప్పించమని ఏడ్చేవాళ్ళను చూశాను. గుండుసూదుల కోసం కోయించుకుంటాననే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను."

"నోట్లో సూదులుంటే ఎవరూ జవాబు అడగరండీ."

టైలరమ్మ చెంప నొక్కుకుంటూ చెప్పింది. "చొక్కా చెయ్యి పొట్టిదైతే చెల్లెలు కొలత తప్పు తీసిందని ఆయన, అన్న కత్తెర తప్పని ఆమె. నువ్వు చెప్పంటే నువ్వు చెప్పని నా మీద పడతారు. ఒకరిది ఒప్పంటే రెండోవారు అన్నం దగ్గర కూడా మొహం చూపించరు. సూదులుంటే ఊఁ అంటాను, ఇద్దరికీ సరిపోతుంది. ఇద్దరూ చెడ్డవాళ్ళేం కాదండీ. నేనే అలిసిపోయాను. ఎవరినీ ఎదిరించాలని లేదు, గెలవాలని లేదు. ఊరికే ఉండాలని ఉంది."

డాక్టరమ్మ లేచి తలుపు తీసి ఇద్దరినీ లోపలికి పిలిచింది. మొహం చాలా గంభీరంగా పెట్టింది.

"ఆపరేషన్ అక్కర్లేదు. ఇంజెక్షనూ ఇప్పుడొద్దు. రాత్రికి ప్లేటు, పగలు కాపడం, కసరత్తు. సూదులు దిండుకే గుచ్చాలి, నోట్లో పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఈమె మాట్లాడకూడదు. ఎవరైనా ప్రశ్న వేస్తే చాలు, ఈమె దవడ బిగుసుకుంటోంది. నేను కళ్ళారా చూశాను. కాబట్టి ఏమీ అడక్కండి. ఎవరిది తప్పు అని అసలే అడక్కండి."

"ఎన్నాళ్ళండీ?" అన్నాడు భర్త బిక్కమొహంతో.

"నేను చెప్పేదాకా."

"చూశావా, ఇదంతా నీ వాగుడు వల్లే," అన్నాడాయన చెల్లెలితో.

"నా వల్లా? వదినా, నువ్వు చె..." అని ఆడపడుచు చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ పిల్లుల్లా మందుల కౌంటరు వైపు నడిచారు.

టైలరమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయింది. పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదాన్నొకటి వదిలాయని ఆమెకే తెలుస్తోంది. ఎంత హాయిగా ఉందో! అంతలోనే భయం వేసింది.

"నొప్పి తగ్గాక వాళ్ళకు అనుమానం వస్తేనో?"

"దవడ నొప్పి పైకి కనిపించదు. ఉందంటే లేదనేవాళ్ళుండరు."

"ఇలా ఎన్నాళ్ళు నడుస్తుందండీ?"

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగి, బయట ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

"మా ఇంట్లో నాకు పదేళ్ళుగా దవడ నొప్పేనమ్మా."