ఇసుకకు కొత్త టైర్లు

“వీటికన్నా పెద్దవి లేవా?”

టైర్ల కొట్టు బాబాయి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, చంకలో పిల్లాడితో నిలబడ్డ ఆ అమ్మాయిని ఎగాదిగా చూశాడు.

“ఇంతకన్నా పెద్దవి కావాలంటే విమానానివి పీక్కురావాలమ్మాయ్.”

పక్కనే ఉన్న లారీ డ్రైవరు పకపకా నవ్వాడు. ఆమె మొగుడే.

“దీనికి భయం ఎక్కువ బాబాయ్. గోరంత చెబితే కొండంత చేస్తుంది.”

“గోరంతా? పోయినవారం మీ వెనకాల లారీ ఏమైందో చెప్పండి మరి.”

అతని నవ్వు ఆగిపోయింది.

సముద్రంలో కడుతున్న అడ్డుగోడకు రాళ్ళు తోలే పని అతనిది. గోడ దాకా రెండు మైళ్ళు ఉత్త ఇసుక. నీళ్ళు వెనక్కి పోయినప్పుడే అది దారి. మళ్ళీ పోటు వచ్చేలోగా రాళ్ళు దింపి ఒడ్డున పడాలి. పోయినవారం ఇతని వెనకే బయల్దేరిన లారీ ఇసుకలో దిగబడింది. మనిషిని పడవలో తెచ్చారు. లారీ మాత్రం ఇంకా అక్కడే ఉంది. నీళ్ళు పోయినప్పుడు దాని పైకప్పు కనబడుతుంది.

ఆ రోజు నుంచీ ఆమెకు కంటిమీద కునుకు లేదు. అతను ఇల్లు చేరేదాకా ముద్ద గొంతు దిగదు. టైర్లు మార్చందే లారీ కదలనివ్వనని భీష్మించుకు కూర్చుంది.

బాబాయి లారీ చుట్టూ తిరిగి, వెనక చక్రాల దగ్గర వంగి చూశాడు.

“ఈ జంట టైర్లు రోడ్డుకి రాజాలు. ఇసుకలో పనికిరావు. వీటిని పీకేసి అటొకటి ఇటొకటి వెడల్పాటివి వేద్దాం. ఒంటె పాదంలా బరువు పరుచుకుంటుంది. ముందు రెండూ మారుద్దాం.”

“ఇంజను లాగుతుందా?” అన్నాడు డ్రైవరు.

“డీజిలు కాస్త ఎక్కువ తాగుతుంది. ఒక గేరు కింద నడుపుకో. మడ్‌గార్డు అంచులు మాత్రం రెండు వేళ్ళు కొయ్యాలి.”

“కొయ్యండి,” అంది ఆమె, మొగుడు నోరు తెరిచేలోపే.

“లారీ ఎవరిదయ్యా?” అన్నాడు బాబాయి.

“దానిదే. నేను తోలుతానంతే.”

మొదటి చక్రం బిగించేసరికి పిల్లాడు ఆకలికి ఏడుపు లంకించుకున్నాడు. ఇక తప్పక ఆమె ఇంటిదారి పట్టింది, పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ.

సాయంత్రానికి లారీ ఇంటిముందుకు వచ్చింది. తెల్లవారకముందే బయల్దేరాలని అతను పెందలాడే తిని పడుకున్నాడు. గురక కూడా మొదలైంది.

ఆమెకు మనసు మనసులో లేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని లారీ చుట్టూ తిరిగింది. తాడు ఉందా? పార ఉందా? చక్రాల కింద వేసే చెక్కలు ఉన్నాయా? నీళ్ళ డబ్బా సగమే ఉంటే నిండా నింపింది. ఏ తల్లయినా పిల్లాడి పొట్ట తడిమి చూశాకే కదా పడుకుంటుంది. ఏ లోటూ లేకుండా తన చేతనైనదంతా చేశాకే తలుపేసుకుంది. వారం తర్వాత మొదటిసారి ఒళ్ళు మరిచి నిద్రపోయింది.

ఉదయం ఏడింటికి ఫోను మోగింది.

“కూరుకుపోయిందే.”

“కొత్త టైర్లు కదండీ!”

“ఏం టైర్లో ఏమో! సగం దారిలో ఇరుసు దాకా దిగబడింది. రాళ్ళన్నీ ఇక్కడే గుమ్మరించేశా. రెండు గంటలుగా తవ్వుతున్నా. ఇంచీ కదల్లేదు. పోటు మొదలైంది.”

“దాన్ని అక్కడే పారేసి వచ్చెయ్యండి! మీకు దణ్ణం పెడతాను.”

“వచ్చి? పిల్లాడికేం పెడదాం? లారీ లేకుండా రాను.”

చెప్పులు కూడా వేసుకోకుండా, పిల్లాణ్ణి చంకనేసుకుని టైర్ల కొట్టుకు పరుగెత్తింది. బాబాయి అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. విషయం రెండు ముక్కల్లో చెప్పి, స్పీకరు నొక్కి, ఫోను అతని ముందు పెట్టింది.

“చెక్కలు వేశావా?” అడిగాడు బాబాయి.

“వేశా. పుల్లల్లా విరిగాయి.”

“చక్రాల్లో గాలి తగ్గించి చూడు.”

“ఇంకా ఏం తగ్గించను బాబాయ్? ఇసుకలో చక్రం పరుచుకోవాలని నిన్న నీ చేత్తోనే సగానికి సగం తీశావుగా. ఇంకా తీస్తే టైరు రింగునుంచి ఊడి చేతికొస్తుంది.”

“అదీ నిజమే.” బాబాయి తల గోక్కున్నాడు. “గట్టి టైరంటే గునపంలా దిగుతుంది. మెత్తటివి ఎలా దిగాయయ్యా? చూడటానికి ఎలా ఉన్నాయి?”

“చూడ్డానికేముంది? చీకట్లో బయల్దేరా. ఇప్పుడు నాలుగూ ఇసుకలోనే ఉన్నాయి.”

బాబాయి గోడ గడియారం కేసి చూశాడు. ఆమె వైపు చూడలేదు.

ఫోనులో అలల చప్పుడు దగ్గరైంది.

“ఒసేయ్, ఉన్నావా? నీళ్ళు కనబడుతున్నాయి. పిల్లాడు లేచాడా? ఒక్కసారి వాడి నోటి దగ్గర పెట్టవే ఫోను.”

“పెట్టను!” ఆమె గొంతు కీచుమంది. “గాలి తీసెయ్యండి! నాలుగిటికీ! ఇప్పుడే!”

“నీకేమైనా మతిపోయిందా? ఊడిపోతాయంటుంటే...”

“ఊడిపోవు! నిన్న మీరు పడుకున్నాక, టైర్లు పొట్టలు జారి కనబడితే భయమేసి, వీధి చివర పంక్చరు షాపతన్ని పిలిచి నాలుగిటికీ రాయిలా గాలి కొట్టించింది నేనే!”