రెండు మిస్డ్ కాల్స్

"బడికి ఫోనెందుకే నీకు?" అని కూతురి మీద అరుస్తూ ఆ తండ్రి నా టేబుల్ గుద్దాడు. ఇంకెవరైనా అయితే బయటికి పంపేదాన్ని. ఆ పూట నేనూ అతని పక్షమే.

"ఆరో తరగతి పిల్లవి, కంపాస్ బాక్సులో ఫోనా? అవసరమొస్తే ఆఫీసు ఫోను లేదా? హెడ్మిస్ట్రెస్‌ని, నేను చచ్చానా?" అన్నాను.

"బాగా గడ్డి పెట్టండి మేడమ్," అన్నాడు.

"మీరు కూర్చోండి," అని ఫోను నొక్కి చూశాను. అన్నీ వాళ్లమ్మ మిస్డ్ కాల్సే, రోజూ బడి వదిలే వేళకే. ఒకరోజు ఒకటి, ఇంకోరోజు రెండు.

"ఏంటే ఇవి?"

పిల్ల నా చెవి దగ్గరికొచ్చింది. "ఒకటొస్తే ఇంటికి రమ్మని మేడమ్. రెండొస్తే పిన్నీవాళ్లింటికి వెళ్లిపొమ్మని. ఆరోజు నాన్న అమ్మని కొట్టినట్టు."

"ఏం గొణుగుతున్నావే? పద ఇంటికి! నీకు ఫోనిచ్చిన మీ అమ్మ సంగతి ఇవాళ తేలుస్తా."

"పిల్ల ఎక్కడికీ రాదు. నువ్వు కూర్చో," అన్నాను. ఇందాకటి 'మీరు' నా నోట రాలేదు.

టేబుల్ కింద, పిల్ల ఫోనులోంచి వాళ్లమ్మకి ఒక రింగిచ్చి కట్ చేశాను.

తర్వాత ఇంకొకటి.