పక్కకి తవ్వండి

ఎముక బయటపడిందనగానే అందరికన్నా ముందు పరిగెత్తేది దిబోరే. ఆ రోజూ అంతే. జల్లెడ ఎక్కడిదక్కడ పడేసి, దిబ్బ మీది గవ్వలు అరికాళ్లకు గుచ్చుకుంటున్నా లెక్కచేయక, గొయ్యి అంచున గొంతుక్కూర్చుంది.

"ఎన్నాళ్ల నాటిది మేడం?"

తవ్వకం పెద్ద రమతా మేడం తాపీతో చుట్టూ మట్టి గీకి, బ్రష్షుతో దులిపి, ముఖం చాటంత చేసుకుంది. "వెయ్యేళ్ల పైమాటే దిబోర్! ఈ దీవుల్లో చేపలు పట్టిన మొదటి మనుషుల్లో ఒకడేమో!"

కూలీలంతా చప్పట్లు కొట్టారు. దిబోర్ మాత్రం ఆ దవడ ఎముక అందుకుని, ముందుపళ్ల మీద బొటనవేలు పోనిచ్చి, "ఛ!" అని తిరిగి ఇచ్చేసింది.

"చూశారా దీని టెక్కు?" అన్నాడు మేస్త్రి అన్సుమానా. అతను జోలా తెగ మనిషి, దిబోర్‌ది సెరేరు తెగ; ఆ రెండు తెగలకీ తాతల నాటి నుంచి వేళాకోళపు చుట్టరికం. సెరేరు వాళ్లు కనబడితే వేళాకోళం ఆడనిదే అతనికి అన్నం అరగదు. "వెయ్యేళ్లు చాలవటమ్మా! మీ సెరేరు వాళ్లకి చేపలన్నం పెట్టినా అంతే, గిన్నె నిండినా ఇంకా ఇంకా అంటారు."

"నోరు మూసుకుని తవ్వు. జోలావాడి చేతికి పార ఇస్తే దాని మీదే కునుకు తీస్తాడు."

మాటకు మాట అంటించింది గానీ, లోపల ఉడికిపోతోంది. వానలు వచ్చేస్తున్నాయి. గుడారాలు పీకేస్తారు, గొయ్యి పూడ్చేస్తారు. మళ్లీ తవ్వకం ఎప్పుడో, అసలు ఉంటుందో ఉండదో. ఊరు వదిలి, ఇంత దూరం పడవెక్కి వచ్చి, ముక్కూమొహం తెలియని వాళ్ల మధ్య కూలికి కుదిరింది ఉత్త చేతులతో వెళ్లిపోవడానికా?

"లోతుకి వద్దు మేడం, పక్కకి తవ్వండి. సముద్రం వైపు."

"మళ్లీ అదే పాట! లోతుకి పోయేకొద్దీ పాతవి దొరుకుతాయి. పక్కన పైపైన ఏముంటుంది? నిన్నమొన్నటి చెత్త."

"ఒక్క పూట మేడం. ఎవరూ రానక్కర్లేదు, నేనే తవ్వుకుంటాను."

"పిచ్చిదానా, నీ ఆత్రంలో సగం నా విద్యార్థులకుంటే ఎంత బాగుండేది!" అని నవ్వి, మేడం మళ్లీ గోతిలోకి దిగింది.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మి ఉరిమింది. మేడం పని ఆపించేసింది. కూలీలు గొయ్యి పూడ్చడానికి పారలు అందుకున్నారు.

దిబోర్ జల్లెడను నేలకేసి కొట్టింది. విసవిసా సముద్రం వైపు వాలు మీదకు పోయి కూలబడి, వట్టి చేతులతో గవ్వలు పెకలించడం మొదలుపెట్టింది. వేళ్లు చీరుకుపోతున్నా ఆపదు.

అన్సుమానా చేతిలో పార కింద పెట్టాడు. వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఏమిటక్కా ఇది? ఇంకెంత పాతది కావాలి నీకు?"

దిబోర్ తలెత్తలేదు.

"నాలుగేళ్ల కిందట బతుకుతెరువు కోసం దొంగచాటుగా స్పెయిన్ వెళ్తూ మునిగిన పడవలోంచి కొట్టుకొచ్చిన శవాలను, పేరైనా తెలియక, ఈ వాలులోనే ఎక్కడో పూడ్చారట తమ్ముడూ, ఆ పడవలో మా ఆయన ఉన్నాడు."