ఆరని చెక్క

మాస్టారి భార్య పోయిన రోజు ఎండ కాస్తోంది. తడికి జారిందనుకోవడానికి కూడా లేదు. పెరట్లో పాతికేళ్లనాటి చెక్క అరుగు మీద నిలబడి బట్టలు ఆరేస్తుంటే, కాలి కింద పలక ఫెళ్లున విరిగింది. మెట్టు రాయికి తల తగిలింది.

రెండు వారాలకు ఒక వడ్రంగి పిలవకుండానే వచ్చాడు.

"విన్నాను సార్. అరుగు బాగుచేసి పోతాను. డబ్బులేం వద్దు."

"నా దగ్గర చదువుకున్నావా?" అన్నారు మాస్టారు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషికి మరో కారణం తోచలేదు.

"నాకు చదువెక్కడ అబ్బింది సార్!"

వడ్రంగి విరిగిన పలక ఊడదీశాడు. పైన ఇంకా నిగనిగలాడుతోంది. తిరగేస్తే అడుగంతా నల్లగా, గోరు దిగేంత మెత్తగా ఉంది. వేళ్లకంటిన ఆ కుళ్లును, గోడ వెనకున్న కుళాయి దగ్గరికి తిన్నగా వెళ్లి కడుక్కున్నాడు.

రెండు రోజుల్లో కొత్త పలకలు బిగించాడు. ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాడు. ఆ సాయంత్రం చిన్న జల్లు పడింది. అంతే, వార్నిష్ డబ్బా మూత తీయలేదు. నాలుగు రోజులపాటు రోజూ వచ్చి, చెక్క మీద అరచెయ్యి ఆనించి చూసి వెళ్లిపోయాడు.

"ఏమయ్యా, చెక్కకి జ్వరమేమైనా తగిలిందా?"

"లోపలి తడి ఆరాలి సార్. తడి మీద పూస్తే పైకి అద్దంలా ఉంటుంది. తడి బయటికి పోలేక లోలోపలే కుళ్లబెడుతుంది."

మాస్టారు పక్కన పడున్న పాత పలకని మళ్లీ తిరగేసి చూశారు.

"అదా సంగతి," అన్నారు. "రెండేళ్ల కిందట, వానాకాలం. నేను నాలుగు రోజులు ఊళ్లో లేను. వచ్చేసరికి అరుగు మెరిసిపోతోంది. ఎవరు పూశారంటే, నేనే, చూశారా నా పనితనం అని ఒకటే గొప్పలు. పిచ్చిది, తడి మీదే పూసేసి ఉంటుంది. అంతకుముందు ఎన్నిసార్లు పోరిందో, ఎవరినైనా పిలవండీ అని. పని తెలిసినవాణ్ని నేను పిలిచి ఉంటే..."



వడ్రంగి తల ఎత్తలేదు. "ఆవిడ తప్పేం లేదు సార్."

"నాదేనయ్యా. నాకు తెలుసు."

"కాదు సార్..."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. వడ్రంగి ఆగిపోయాడు.

మర్నాడు వార్నిష్ పూత పూర్తయింది. వడ్రంగి సంచీ భుజాన వేసుకుని గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"సార్..."

"ఏమిటి?"

"రేపటిదాకా దాని మీద కాలు పెట్టకండి."

రెండేళ్ల కిందట ఆవిడ పిలిస్తే వచ్చి, ఇంకా తడిగా ఉన్నట్టుంది బాబూ అని ఆవిడ అంటున్నా వినకుండా, ఒక్క పూటలో ఆ అరుగుకి వార్నిష్ పూసి వెళ్లింది తనేనని మాత్రం వడ్రంగి ఇంకా చెప్పలేదు.