తడవని కోచ్

వానాకాలంలో సముద్రయాత్ర పెట్టుకోవడం వెనక నాన్న వేసిన ఎత్తు మామూలుది కాదు.

పెళ్ళికి ముందు ఆయన అమ్మ దగ్గర ఓ గొప్ప మాట విసిరాడు. "నేను చేపలా ఈదుతాను. ఎప్పటికైనా నీ చెయ్యి పట్టుకుని సముద్రం అడుగు చూపిస్తాను."

నిజానికి ఆయన షవర్ కింద కూడా గోడ పట్టుకుని నిలబడే మనిషి.

అమ్మ ఆ మాట మర్చిపోలేదు. కూతురు కాలేజీకొచ్చేదాకా ఓపిక పట్టి, "ఈ ఏడాది తప్పదు" అంది.

కాదంటే పరువు పోతుంది. అందుకే నాన్న ఏరికోరి వానల నెలలో దీవికి టికెట్లు తీశాడు. పడవలు కదలవు. గదిలో ముసుగుతన్ని పడుకుని వచ్చేయొచ్చు.

ఎందుకైనా మంచిదని డైవింగ్ వాళ్ళకి ఫోన్ చేశాడు.

"వానలు కదండీ, డైవింగ్ ఉండదేమో?" ఎంతో ఆశగా అడిగాడు.

"భలేవారే! గాలంతా దీవికి అవతలివైపే సార్. మా వైపు సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంటుంది. అయినా వాన పైన పడుతుంది గానీ లోపల పడదుగా? నిశ్చింతగా వచ్చేయండి."

నాన్న సోఫాలో కూలబడ్డాడు. ఆ కూలబడటానికి పక్కింటి గోడ గడియారం ఆగిపోయింది.

"నాన్నా, నీకు ఈత రాదు కదూ?" అంది కూతురు.

"గట్టిగా అనకే తల్లీ! అమ్మ వింటుంది."

"దీనికి ఈత రానక్కర్లేదట. పక్కన మనిషి ఉంటాడట. తల ముంచి, నోట్లో పెట్టే గొట్టంతో ఊపిరి పీలిస్తే చాలట."

"తల ఒక్కటీ వదిలేసి ఇంకేదైనా ముంచమను, ముంచుతాను."

కూతురు అమ్మకి తెలియకుండా ఆయన్ని తీసుకెళ్ళి ఈతకొలనులో చేర్పించేసింది.

మొదటిరోజు రేకుల కప్పు మీద వాన దంచేస్తోంది. కొలను ఖాళీ. మెట్టు మీద ఒకాయన మాత్రం బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. కొత్త ట్రాక్‌సూటు. మెడ వెనక షాపు చీటీ ఇంకా వేలాడుతోంది.

చీటీ తెంపుకోవడానికి కూడా తీరిక లేనంత పనిమంతుడన్నమాట, అనుకున్నాడు నాన్న.

"నమస్కారం కోచ్‌గారూ! నన్ను మీరే కాపాడాలి..." అంటూ మొదలుపెట్టి, షవర్ దగ్గర్నుంచి దీవి దాకా మొత్తం కక్కేశాడు. ఆయన రెండుమూడుసార్లు నోరు తెరిచాడు. నాన్న ప్రవాహంలో ఆ నోటికి చోటు దొరకలేదు.

చివరికి ఆయన మెల్లగా అడిగాడు. "అంత భయమా?"

"అంత!"

ఆయన మెట్టు మీద కాస్త పక్కకి జరిగాడు. "అయితే ముందు కాళ్ళు పెట్టండి. నేను చూస్తూ ఉంటాను."

ఒకరోజు మోకాళ్ళు. ఇంకోరోజు నడుము. ఆయన మాత్రం మెట్టు దిగలేదు.

"మీరూ రావచ్చుగా కోచ్‌గారూ?"

"ముందు మీరు కానివ్వండి." రెండు చేతులతో రెయిలింగు పట్టుకుని చెప్పేవాడు.

నాన్న గడ్డం నీళ్ళకి తగిలిందంటే చాలు, గట్టు మీద ఆయన బుగ్గలు బూరెల్లా ఉబ్బేవి. నాన్న తేలాకే ఆయనా ఊపిరి వదిలేవాడు.

లోతు వైపు ఈదుతున్న కూతురు పగలబడి నవ్వింది. "నాన్నా, మీ తడవని కోచ్ గట్టు మీదే మునిగిపోయేలా ఉన్నాడు!"

"నోర్ముయ్! అదో పద్ధతి."

ఓరోజు నాన్న తువ్వాలు భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు. "నా వల్ల కాదు. మా ఆవిడతో నిజం చెప్పేస్తా."

"అలా అనకండి సార్." ఆయన రెయిలింగు వదలకుండానే లేచాడు. "మీరే పారిపోతే ఇక నేనేం కావాలి?"

తన మీద ఇంత మమకారమున్న గురువు ఉంటాడా! నాన్న వెనక్కి తిరిగాడు. కళ్ళకీ ముక్కుకీ డైవింగ్ అద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, బుడుంగున మునిగాడు.

తేలేసరికి అరుపులు. "దువ్వెన! అడుగున దువ్వెన కనిపించింది కోచ్‌గారూ!"

"ఏ రంగు సార్?"

"ఎరుపు!"

"ఎరుపు..." అన్నాడాయన, దువ్వెన తనే చూసొచ్చినంత మెరుపు కళ్ళలో.

ఆ వారమే ప్రయాణం. హడావుడిలో నాన్న ఆయనకి వెళ్ళొస్తానని కూడా చెప్పలేదు.

దీవిలో వాన కురుస్తూనే ఉంది. నాన్న అమ్మ చెయ్యి పట్టుకుని నీళ్ళలో దిగాడు. అడుగున పగడాలు. పసుపు చేపల గుంపొకటి అమ్మ జుట్టు చుట్టూ తిరిగిపోయింది. అమ్మ ఆయన వేళ్ళని విరిగిపోయేలా నొక్కింది.

పైకొచ్చాక అంది. "నాకు తెలుసు మీకు భయమని. తెలిసీ ఎందుకు అడిగానో... అన్న మాట నిలబెట్టుకున్నారే!"

సాయంత్రానికి నాన్నని పట్టేవాళ్ళు లేరు. తిమింగలాలు తనని దారి అడిగాయన్నాడు.

"ముందు మీ కోచ్‌కి ఫోన్ చెయ్యి నాన్నా" అంది కూతురు.

పేరు తెలియదు. కొలను ఆఫీసుకి చేశాడు. "మీ కోచ్‌గారికి నా దండాలు చెప్పండి. కాకపోతే ఒక్క మాట. నేర్పే మనిషి ఒక్కసారైనా నీళ్ళలో కాలు పెట్టొద్దూ?"

"కోచ్‌ని నేనే సార్. మీరు చేరిన రోజే స్కూటర్ మీంచి పడ్డాను. కట్టు విప్పించుకుని ఇవాళే వచ్చాను."

నాన్న నవ్వు ఆగిపోయింది. "మరి... ఆ ట్రాక్‌సూటు ఆయన?"

"ఆయనా? మీలాగే కొత్తగా చేరారు సార్, నీళ్ళంటే హడలట... ఇందాకట్నుంచీ బతిమాలుతున్నాను, ఆ సారు వచ్చేదాకా దిగనని మెట్టు మీదే కూర్చున్నారు."